మా ఈశాన్య మూల గుంట ఫెడరల్ నీళ్ళా కాదా? ఐదేళ్ళలో మూడు జవాబులు!

ఎకరంనర_హ్యూస్టన్
ఒళ్ళు మండి రాస్తున్నా, పెద్దదైతే ఏమనుకోకండి. హ్యూస్టన్‌కి ఉత్తరాన పైన్ చెట్ల మధ్య మూడెకరాలు 2021 జనవరిలో కొన్నాం. వెనక ఈశాన్య మూలలో అర ఎకరం దాకా పల్లం, చలికాలం వానలకి చీలమండ లోతు నీళ్ళు నిలుస్తాయి, జూలైకల్లా ఎండి నెర్రెలిస్తుంది. అమ్మినాయన బేరమప్పుడే 2020 అక్టోబరు తేదీతో ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (ఫెడరల్ నీళ్ళలో మట్టి పోయాలంటే పర్మిట్ ఇచ్చేది వీళ్ళే) లెటరొకటి చేతిలో పెట్టాడు, ఆ పల్లం ఫెడరల్ పరిధిలోకి రాదు అని. అది చూసే ధైర్యం చేశాం, లేకపోతే కొనేవాళ్ళమే కాదు. మొన్న ఇల్లు కడదామని సివిల్ ఇంజినీరు దగ్గరికెళ్తే లెటర్‌కి ఐదేళ్ళు దాటాయి, అసలు ఆ లెటర్ ఏ రూలు చూసి రాశారో ఆ రూలునే కోర్టు కొట్టేసింది, మళ్ళీ మొదట్నించి సర్వే చేయించుకోండి అంటాడు. ఇంకో కన్సల్టెంటు 2021 చివర్లో అడిగుంటే ఫెడరల్ పరిధిలోకి వచ్చేదేమో అన్నాడు, ఇంకొకాయన 2023 తర్వాత రాదులే అన్నాడు. అదే గుంట, అవే కప్పలు. ఒకసారి కాదు, ఒకసారి అవును, మళ్ళీ కాదేమో. ఇదెక్కడి లా అండీ?

చెంబు
గుంట కాదు గురూ అది, ఊసరవెల్లి.

తడిమన్ను
నా ఉద్యోగమే ఇది, నార్త్ కరొలైనాలో పదకొండేళ్ళుగా బురదలో బతుకుతున్నా. ఎకరంనర గారూ, మీరు రెండు ప్రశ్నల్ని కలిపేసి సతమతమవుతున్నారు.

ఒకటి, ఆ పల్లం వెట్‌ల్యాండా, అంటే తడి నేలా, కాదా. దానికి జవాబు మట్టిలోనే ఉంటుంది. 1987 నాటి కోర్ మాన్యువల్ పట్టుకునే ఇవాళ్టికీ చూస్తాం. ఆగర్‌తో, అంటే మట్టి తొలిచే బరమాతో, అడుగున్నర దాకా తవ్వి ముద్ద తీసి చేత్తో విరిస్తే, ఏటా నీళ్ళు నిలిచే చోట మట్టి బూడిద రంగులో ఉంటుంది, వేళ్ళు పోయిన దారెంట తుప్పు రంగు చారలు కనిపిస్తాయి. మన్సెల్ అని రంగు బిళ్ళల పుస్తకం ఒకటుంటుంది, చీర మీద జాకెట్టు గుడ్డ పెట్టి మ్యాచింగ్ చూసుకున్నట్టు ఆ ముద్దని బిళ్ళల పక్కన పెట్టి నంబరు రాసుకుంటాం. తర్వాత తుంగ, జమ్ము లాంటి నీటి మొక్కల వాటా ఎంత, తర్వాత చెట్టు మొదళ్ళ మీద నీటి చారలున్నాయా. మూడూ కుదిరితే వెట్‌ల్యాండ్. ప్రెసిడెంటు మారినా ఇది మారదు.

రెండోది, ఆ వెట్‌ల్యాండ్ మీద ఫెడరల్ వాళ్ళకి అధికారం ఉందా. మీ లెటర్ చెప్పింది దీని గురించి, మారేదీ ఇదే. 1972 క్లీన్ వాటర్ యాక్ట్‌లో కాంగ్రెస్ వాడిన మాట నావిగబుల్ వాటర్స్, అంటే పడవ నడిచే నీళ్ళనే కదా అనుకుంటాం, కింద నిర్వచనంలో మాత్రం "వాటర్స్ ఆఫ్ ద యునైటెడ్ స్టేట్స్, ప్రాదేశిక సముద్రంతో సహా" అని రాసి ఊరుకున్నారు. అంతే, ఇంకో ముక్క లేదు. దాన్నే అందరూ వోటస్ అంటారు. ఆ నాలుగు మాటలకి అర్థం ఏంటో చెప్పడంతోనే యాభై ఏళ్ళు గడిచిపోయాయి.

బోడుప్పల్_టు_బోస్టన్
మన దగ్గర చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు లొల్లి లెక్కనే ఉన్నది గదా. కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ అయితది, పర్మిషనొస్తది, లోనొస్తది. తర్వాత హైడ్రా వచ్చి ఇది చెరువు అంటది.

తడిమన్ను
కొంచెం తేడా ఉంది బ్రో. అక్కడ గీత ఎక్కడుంది అన్నది గొడవ. ఇక్కడ గీత గీసే స్కేలునే మారుస్తారు.

లా_పాయింట్
లాయర్ని కాదు, ఇమిగ్రేషన్ బ్యాక్‌లాగులో కూర్చుని కోర్టు తీర్పులు చదవడం అలవాటైపోయింది. తడిమన్ను గారు వదిలిన చోట నేనందుకుంటా.

మొదట్లో కోర్ వాళ్ళు నిజంగానే పడవ నడిచేవే మావి అనుకున్నారు. 1975లో వాషింగ్టన్ డీసీలో కోర్టు అది చాలదు, కాంగ్రెస్ ఉద్దేశం ఇంకా పెద్దది అంది, రూలు పెరిగింది. 1985లో మిషిగన్ నుంచి రివర్‌సైడ్ బేవ్యూ హోమ్స్ కేసు సుప్రీంకోర్టుకి వచ్చింది, నదుల పక్కనుండే వెట్‌ల్యాండులు కూడా వస్తాయని జడ్జీలంతా ఏకగ్రీవంగా చెప్పారు. ఇక్కడిదాకా పెరుగుదలే. 2001లో రివర్స్ గేరు పడింది. షికాగో దగ్గర ఎప్పుడో వదిలేసిన ఇసుక, కంకర గోతులు, 23 ఊళ్ళు కలిసి అక్కడ చెత్త పోసుకుందామనుకున్నాయి. ఆ గోతుల్లో వలస పక్షులు వాలుతున్నాయి, పక్షులు రాష్ట్రాలు దాటి ఎగురుతాయి, కాబట్టి ఇవి ఫెడరల్ నీళ్ళే అంది కోర్. 5-4తో కోర్టు పక్షి వాలితే చాలదు అని కొట్టేసింది.

అసలు గందరగోళం 2006 రపానోస్ కేసు. అది కూడా మిషిగనే. తీర్పు 4-1-4. జడ్జి స్కాలియాతో కలిపి నలుగురు, 1954 నాటి వెబ్‌స్టర్ డిక్షనరీ తీసి మరీ, ఎప్పుడూ నీళ్ళుండే నదులు, వాగులు, చెరువుల్లాంటివే నీళ్ళు, వెట్‌ల్యాండ్ అయితే పైనుంచి నీళ్ళతో వాటిని కలిసి ఉండాలి అన్నారు. జడ్జి కెన్నెడీ ఒక్కడే ఇంకో దారి, సిగ్నిఫికెంట్ నెక్సస్ ఉంటే చాలు అని. మన భాషలో చెప్పాలంటే బీరకాయపీచు చుట్టరికం చాలదు గానీ పెద్ద నది బాగోగుల మీద ప్రభావం చూపించే దగ్గరి చుట్టమైతే ఓకే. ఎవరికీ ఐదు ఓట్లు లేవు. కింది కోర్టులు ఎక్కువగా కెన్నెడీ మాట పట్టుకుని పదిహేడేళ్ళు నెట్టుకొచ్చాయి.

చెంబు
బీరకాయపీచు 😂 ఇది ఫ్రేమ్ కట్టించుకోవాలి

తొందరయ్య
ఇంత పురాణం దేనికండీ, ఆయన ఇల్లు కట్టుకోవచ్చా లేదా చెప్పండి చాలు.

మేస్త్రీ_బిడ్డ
నేను చెప్తా. శనివారం పొద్దున నాలుగు ట్రక్కుల మట్టి తోలించి బాక్స్ బ్లేడుతో చదును చేయించు, పైన బెర్ముడా గడ్డి. సోమవారానికి గుంటే లేదు. ఇక్కడ అందరూ చేసేదే, ఎవడూ వచ్చి చూడడు.

లా_పాయింట్
మేస్త్రీ గారూ, మీరు చెప్పిన పనే చేసి చరిత్రకెక్కిన దంపతులున్నారు. శాకెట్‌లు. ఐడహోలో ప్రీస్ట్ లేక్ దగ్గర 2004లో ఎకరం కూడా లేని లాట్ కొన్నారు, 2007లో మట్టీ రాళ్ళూ తోలించడం మొదలుపెట్టారు. ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) నుంచి ఆర్డరొచ్చింది, పోసింది తీసెయ్యండి, లేదంటే రోజుకి 40 వేల డాలర్ల పైన జరిమానా పడొచ్చు అని. ఆ ఆర్డర్ మీద కోర్టుకెళ్ళే హక్కు ఉందా లేదా అనే ముక్క ఒక్కటి తేలడానికే 2012 దాకా పట్టింది, అది సుప్రీంకోర్టులో ఏకగ్రీవంగా గెలిచారు. అసలు సంగతి 2023 మే 25న తేలింది. పెళ్ళయిన కొత్తలో లాట్ కొనుంటే పిల్లలు కాలేజీకెళ్ళే టైముకి తీర్పు అన్నమాట. మీ దగ్గర అంత ఓపికా, ఉచితంగా వాదించే లాయర్లూ ఉంటే తోలించండి మట్టి.

మేస్త్రీ_బిడ్డ
చివరికి గెలిచారు కదా మరి!

తడిమన్ను
గెలిచారు, నిజమే. ఎకరంనర గారి కేసుకి పనికొచ్చేది కూడా ఆ తీర్పే. కెన్నెడీ చుట్టరికం పోయింది, స్కాలియా మాట నిలబడింది. వెట్‌ల్యాండ్ ఎప్పుడూ నీళ్ళుండే వాగునో నదినో పైనుంచి నీళ్ళతో ఆనుకుని, ఎక్కడ వాగు అయిపోయిందో ఎక్కడ వెట్‌ల్యాండ్ మొదలైందో చెప్పడం కష్టమయ్యేలా ఉండాలి.

తమాషా ఏంటంటే శాకెట్‌లు గెలవాలన్న విషయంలో తొమ్మిదిమందీ ఒకటే, కొలబద్ద దగ్గర మాత్రం 5-4. ట్రంప్ వేసిన జడ్జి కవనా కూడా అవతలి పక్కకెళ్ళాడు. చట్టంలో ఉన్నది "అడ్జసెంట్", మీరు దాన్ని "అడ్జాయినింగ్" చేసేస్తున్నారు అని ఆయన గొడవ. మనకి సులువుగా అర్థమవుతుంది ఇది, పక్కన వేరు, ఆనుకుని వేరు. సందుకి అవతలున్న ఇల్లు పక్కిల్లు కాదా? మధ్యలో సందుందని పక్కిల్లు కాదంటామా? మిసిసిపీ నదికి గట్టు కట్టారు, గట్టు అవతల వెట్‌ల్యాండ్ ఉంది, గట్టు అడ్డొచ్చింది కాబట్టి ఇప్పుడది రాదా అని ఆయన అడిగాడు.

బోడుప్పల్_టు_బోస్టన్
గోడకి గోడ ఆనుకుంటే అది పక్కిల్లు కాదక్కా, అపార్ట్‌మెంట్.

మెట్లమీద_హార్వే
మేస్త్రీ_బిడ్డకి ఒక మాట. 2017 హార్వేలో మా ఇంట్లో మూడో మెట్టు దాకా నీళ్ళొచ్చాయి. పిల్లల్ని పై గదిలో పెట్టుకుని రాత్రంతా మెట్ల మీద కూర్చుని, ఫోన్ టార్చి వేసి ఏ మెట్టు మునిగిందా అని చూసుకున్నాం. మా సబ్‌డివిజన్‌కి ఎగువన ఒకప్పుడు అంతా గడ్డి మైదానం, చిన్నచిన్న పల్లాలు. ఒక్కొక్కటీ చూస్తే అర ఎకరం, ఎకరం, వీటితో ఏమవుతుంది అన్నట్టే ఉంటాయి. అన్నీ చదునై కాంక్రీట్ అయింది. హార్వే వాన కొన్నిచోట్ల 60 అంగుళాలు దాటింది, అంత వానకి ఏ గుంటా ఆగదని నాకూ తెలుసు, ఆ గుంటలుంటే మా ఇల్లు మునిగేది కాదని చెప్పట్లేదు. కానీ మామూలు వానకి కూడా ఇప్పుడు మా వీధి నిండుతోంది, 2012లో నిండేది కాదు. ఆ నీళ్ళు నిలబడటానికి చోటు లేక మా వీధికొస్తున్నాయి. వాటికి ఫెడరలా లోకలా అని తెలీదు కదా.

మేస్త్రీ_బిడ్డ
సారీ అన్నా, సరదాకి అన్నా. పూర్తి సరదాకి కాదులే, సగం.

గోదారిగట్టు
ఎకరంనర గారు జోన్ ఎక్స్‌లో ఉన్నారా ఏఈలో ఉన్నారా? ఎక్స్ అయితే ఈ గొడవేమీ ఉండదు కదా?

తడిమన్ను
అది ఫీమా వరద మ్యాపు, ఇన్సూరెన్స్ కోసం. దీనికీ దానికీ సంబంధం లేదు. జోన్ ఎక్స్‌లో వెట్‌ల్యాండ్ ఉండొచ్చు, ఏఈలో లేకపోవచ్చు. అలాగే నెట్‌లో దొరికే నేషనల్ వెట్‌ల్యాండ్స్ ఇన్వెంటరీ మ్యాపు చూసి నా స్థలంలో ఆకుపచ్చ మచ్చ లేదు అని సంబరపడకండి, అది ఫొటోలు చూసి వేసింది, ఎవరూ పార పట్టుకుని వచ్చి చూడలేదు. నా క్లయింట్లలో సగంమంది ఆ మచ్చ చూసుకునే కొంటారు, కన్నీళ్ళు నా ఆఫీసులో పెట్టుకుంటారు.

ఎడారి_వాగు
ఛాండ్లర్, అరిజోనా నుంచి. మా దగ్గర కథ ఇంకోలా ఉంటుంది. ఇక్కడ వాగంటే ఇసుక దారి, ఏడాదికి నాలుగైదుసార్లు వానొచ్చినప్పుడే పారుతుంది, మిగతా రోజుల్లో మా వాడు సైకిల్ తొక్కుతాడు అందులో. 2020లో వచ్చిన ట్రంప్ రూలు వాన వస్తేనే పారేవాటిని మొత్తంగా తీసేసింది. అరిజోనా, న్యూ మెక్సికోల్లో 1,500 పైగా వాగులు పరీక్షిస్తే దాదాపు అన్నీ పరిధిలోంచి పోయాయని, ముందైతే పర్మిట్ కావాల్సిన 333 ప్రాజెక్టులకి అవసరం లేకుండా పోయిందని 2021లో ఈపీఏనే చెప్పింది. ఇక్కడి తెగలు కోర్టుకెళ్ళాయి, 2021 ఆగస్టు 30న అరిజోనా ఫెడరల్ జడ్జి ఆ రూలుని కొట్టేసింది. ఎకరంనర గారూ, మీ లెటర్‌కి గండి పడింది మా రాష్ట్రంలోనే, సారీ 🙏

ఎకరంనర_హ్యూస్టన్
ఓ అదా కథ! అంటే మా లెటర్ 2020 జూన్ నుంచి 2021 ఆగస్టు దాకా నడిచిన రూలు కింద వచ్చింది. సరే, రూలు పోతే పోయింది, లెటర్ మీద ఐదేళ్ళు చెల్లుతుందని రాసుంది కదా, ఆ ఐదేళ్ళూ నిలబడుండాలి కదా?

లా_పాయింట్
నిలబడినట్టే ఉండి నిలబడలేదు. 2022 జనవరిలో కోర్ ఏమందంటే, ఆ రూలు కింద ఇచ్చిన లెటర్లని కొత్త పర్మిట్ నిర్ణయాలకి వాడబోము అని. లెటర్ చెల్లుతుంది, కానీ దాన్ని చూపించి పర్మిట్ అడిగితే కుదరదు. చెల్లని నోటు కాదు, చిల్లర దొరకని నోటు. మీకు అమ్మినాయన అబద్ధం ఆడలేదు, ఆ రోజుకి అది నిజమే.

తొందరయ్య
ఇప్పుడేది నడుస్తోంది? ఒక్క లైన్లో చెప్పండి ప్లీజ్.

తడిమన్ను
ఒక్క లైన్లో: మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో దాన్ని బట్టి.
రెండో లైను కూడా చదవండి. 2015లో ఒబామా రూలు, 2020లో ట్రంప్ రూలు, 2023 జనవరిలో బైడెన్ రూలు. ఆ 2023 రూలుని శాకెట్ తీర్పుకి తగ్గట్టు ఆగస్టులో కత్తిరించారు. కానీ టెక్సస్‌తో సహా సగానికి పైగా రాష్ట్రాల్లో కోర్టులు ఆ రూలుని ఆపేశాయి, అక్కడ 2015కి ముందున్న పాత రూలుకి శాకెట్ తగిలించి నడిపిస్తున్నారు. మా కరొలైనాలో కొత్తది, వర్జీనియా బోర్డర్ దాటితే పాతది, నేను ఒకే వారంలో రెండూ వాడతా. దానిపైన 2025 నవంబరులో మళ్ళీ కొత్త ప్రతిపాదన పెట్టారు, వర్షాకాలం మొత్తం పైన నీళ్ళుంటేనే లెక్క అనే తరహాలో, 2026 జనవరి 5 దాకా అభిప్రాయాలు పంపడానికి గడువిచ్చారు.

చెంబు
హ్యూస్టన్‌లో వర్షాకాలం ఎప్పుడు? కారు కడిగించిన మర్నాడు.

కొల్లేటి_కొంగ
మాది కైకలూరు దగ్గర. మీ వోటస్ గోల చదువుతుంటే మా కాంటూరు గోల గుర్తొచ్చింది. 1999లో కొల్లేరుని ఐదో కాంటూరు దాకా అభయారణ్యం చేశారు. సముద్రమట్టానికి ఐదడుగుల గీత అన్నమాట. మా తాతగారి జిరాయితీ నేల కూడా గీత లోపలికి పోయింది, పట్టా మాదే, సాగు మాత్రం చెయ్యకూడదు. చేపల చెరువులు తవ్వారు జనం, 2006లో వాటి గట్లు కొట్టేశారు. 2008లో అసెంబ్లీ మూడో కాంటూరుకి తగ్గించాలని తీర్మానం చేసింది, ఎన్నికలొచ్చినప్పుడల్లా మూడు మూడు అంటారు. మా నాన్న ఇప్పటికీ పొలం ఎక్కడుందంటే మూడుకీ ఐదుకీ మధ్య అనే చెప్తాడు, ఊరి పేరు చెప్పడు. మీకు కనీసం లెటరైనా ఇస్తారు.

గోదారిగట్టు
కొంగ గారూ, కానీ ఆ చేపల చెరువుల వల్లే వరదొస్తే ఎగువ ఊళ్ళు మునిగేవి, మా పిన్ని వాళ్ళది ఏలూరు పక్కన, వాళ్ళనడగండి.

కొల్లేటి_కొంగ
అడిగా, తిట్టారు. ఆ ముక్కా నిజమే.

ఎడిసన్_అత్తగారు
ఫెడరల్ ఫెడరల్ అని అందరూ అక్కడే ఆగిపోయారు. మా న్యూ జెర్సీలో 1987 నుంచి రాష్ట్రానికే సొంత చట్టం ఉంది, వెట్‌ల్యాండ్ చుట్టూ మళ్ళీ 50 అడుగులో 150 అడుగులో బఫర్. శాకెట్ తీర్పు వచ్చిన రోజు మా ఆయన కేక్ తెచ్చాడు, ఇక వెనక షెడ్డు వేసుకోవచ్చని. నేను చెప్పా, అది వాషింగ్టన్ సంగతి, మనది ట్రెంటన్ సంగతి అని. కేకు తిన్నాం, షెడ్డు లేదు.

తడిమన్ను
😄 అత్తగారు చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి. మా దగ్గర ఉల్టా. 2023 జూన్‌లో మా అసెంబ్లీ గవర్నర్ వీటోని దాటేసి, రాష్ట్రం కాపాడేది కూడా ఫెడరల్ వాళ్ళు కాపాడినంతే అని చట్టం చేసింది. శాకెట్ వచ్చిన నెలకి. అంటే ఇక్కడ ఫెడరల్ గీత ఎంత జరిగితే రాష్ట్రం గీత అంతే జరుగుతుంది. కొలరాడో ఇంకోలా చేసింది, ఫెడరల్ వదిలేసినవాటికి 2024లో సొంత పర్మిట్ పెట్టుకుంది.

ఎకరంనర_హ్యూస్టన్
ఆదివారం వానపడ్డాక బూట్లేసుకుని వెళ్ళి చూశా. నీళ్ళు పల్లంలోంచి కంచె కింద నుంచి సన్నగా కౌంటీ రోడ్డు పక్క కాలవలోకి పోతున్నాయి. ఆ కాలవ రోడ్డు కింద తూములోంచి అవతలికెళ్తుంది, అక్కడ్నించి పావు మైలు అవతల వాగు ఉంది, దాంట్లో ఎప్పుడూ నీళ్ళుంటాయి. ఇది ఆనుకున్నట్టా కాదా? గూగుల్ చేస్తే మూడు జవాబులొచ్చాయి, మూడూ లాయర్ సైట్లే.

తడిమన్ను
ఆ తూము దగ్గరే ఉంది మీ కేసంతా. కెన్నెడీ రోజుల్లో అయితే వాగుకి చేరుతోంది కాబట్టి వచ్చేసే ఛాన్స్ ఎక్కువ. శాకెట్ తర్వాత కూడా కొన్నాళ్ళు కాలవో పైపో కలుపుతోంటే కలిసినట్టే అని లెక్కేసే గైడెన్స్ ఉండేది, దాన్ని 2025 మార్చి మెమోలో తీసేశారు, వెట్‌ల్యాండ్ నేరుగా తాకాలి అని. కాబట్టి ఆ రోడ్డు కాలవ తనంతట తాను ఫెడరల్ నీరు అవుతుందా అన్నది తేలాలి. వాన ఆగిన పది రోజులకి వెళ్ళి చూడండి, కాలవలో నీళ్ళు పారుతున్నాయా, ఎండిపోయిందా, ఫొటో తేదీతో సహా తీయండి. నేను చూడకుండా ఇది చాలామటుకు రాదు అనే అంటా, కానీ కాగితం మీద రాసివ్వను. కోర్ దగ్గర లెటర్ అడిగేటప్పుడు రెండు రకాలుంటాయి, "అప్రూవ్డ్" అడగండి. "ప్రిలిమినరీ" త్వరగా వస్తుంది గానీ అందులో అన్నీ ఫెడరల్ నీళ్ళే అనుకుని ముందుకెళ్తారు, తెలీక దాని మీద సంతకం పెట్టేసినవాళ్ళని చూశా.

మెట్లమీద_హార్వే
అసలు ఆ మూల ఎందుకు పూడ్చడం అన్నా? మూడెకరాల్లో ఇల్లు పట్టదా?

ఎకరంనర_హ్యూస్టన్
అమ్మినాయన పూడ్చుకోవచ్చు అన్నాడు కాబట్టి ఇంజినీరు ఇంటి ప్లాను అక్కడి దాకా లాగాడు, నేనూ ఐదేళ్ళుగా దాన్నే ఊహించుకుంటున్నా. నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం.

తొందరయ్య
🤦

ఎకరంనర_హ్యూస్టన్
అప్‌డేట్. ఇంటిని రోడ్డు వైపు 70 అడుగులు జరిపించా, సెప్టిక్ కూడా ముందుకే వచ్చింది. మొన్న కన్సల్టెంటు ఆగర్ వేసి మట్టి తీసి చూపించింది, తడిమన్ను గారు చెప్పినట్టే బూడిద ముద్దలో తుప్పు చారలు, మా అమ్మాయి దాన్ని ఇంటికి తెచ్చుకుంటానని పేచీ. వెట్‌ల్యాండే, అందులో డౌటు లేదు. గులాబీ రిబ్బన్లు కట్టింది, ఆ గీత దాటి యంత్రం వెళ్ళకూడదని మేస్త్రీకి చెప్పేశా. ఫెడరలా కాదా అని ఎవర్నీ అడగట్లేదు ప్రస్తుతానికి, అందులో మట్టి వెయ్యనప్పుడు కోర్ ఇచ్చే 404 పర్మిట్‌తో పనేముంది. ఖమ్మంలో మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఈశాన్యంలో నీళ్ళుంటే అంతకంటే ఏం కావాల్రా, పూడ్చొద్దని ఐదేళ్ళుగా మొత్తుకుంటున్నాగా అంది.

చెంబు
అమ్మగారి రూలు మీద స్టే లేదు, అప్పీలు లేదు.

మేస్త్రీ_బిడ్డ
70 అడుగులు జరిపితే డ్రైవ్‌వే కాంక్రీట్ కూడా మిగిలింది, అది ఎవరూ చెప్పరే.

తొందరయ్య
సెప్టిక్ ఎవరితో వేయిస్తున్నారు? మాకూ అటువైపే రెండెకరాలుంది, నా దగ్గరా 2020 లెటరే ఉంది.